అరగంట టీచరమ్మ, పన్నెండు కార్డులు

మా బడిలో ఆవిడని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకీ, తోటి టీచర్లకీ, గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయనకీ ఆవిడ అరగంట టీచరమ్మే. ఆవిడ దగ్గరికి పిల్లలు రోజుకి అరగంట కోసమే వచ్చేవారు మరి. ఐదో తరగతిలో కూర్చుని రెండో తరగతి పుస్తకం చదవలేనివాళ్ళు, మూడులో ఉండి ఇంకా అక్షరాలు తడుముకునేవాళ్ళు, ఇలాంటివాళ్ళని ఐదుగురు చొప్పున ఆవిడ గదికి పంపేవారు. అరగంట కాగానే వాళ్ళు లేచి తమ తరగతికి పోతే, మరో ఐదుగురు గుమ్మంలో నిలబడి ఉండేవారు.

గది అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద, ఒకప్పుడు ఆటసామాను పడేసుకున్న కొట్టు. ఇప్పటికీ రబ్బరు బంతుల వాసన పోలేదు. ఒక మూల కప్పు కిందికి వాలి ఉంటుంది, అక్కడ కురచ పిల్లల్నే కూర్చోబెట్టాలి. పై తరగతులవాళ్ళు మెట్లు దిగుతుంటే కింద చదివే పిల్ల నోరు మూసుకుని, ఆ మోత తగ్గాక ఎక్కడ ఆపానా అని వెతుక్కోవాలి. అసలే నత్తనడక చదువు, దానికి నెత్తిన ఈ గుర్రాల పరుగు.

నేను ఆ బడి ఆఫీసులో గుమాస్తాని. వచ్చే కాగితం, పోయే కాగితం నా చేతి మీదుగానే నడుస్తాయి. నాకు నోరు కాస్త పెద్దదని అందరూ అంటారు, నిజమే. అందుకే కాబోలు నోరు లేని అరగంట టీచరమ్మ మధ్యాహ్నం డబ్బా తీసుకుని నా గదికే వచ్చి కూర్చునేది.

ఆవిడంత భయస్తురాలిని నేను చూడలేదు. హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి "కుళాయి కట్టకుండా పోయింది ఎవరు?" అని గట్టిగా అడిగితే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఈవిడే ముందు బయటికొచ్చి "నేను కాదండీ" అనేది. గదికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగి చూసేది. "ఆ తాళం నిన్ను చూసి భయపడి ఊడిపోతుందే అమ్మాయ్" అని నేను ఏడిపిస్తే నవ్వేది కానీ, మర్నాడు మళ్ళీ లాగేది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. చిన్నప్పుడు ఆవిడ నాలుగో తరగతి రెండుసార్లు చదివింది. రెండోసారికి తమ్ముడు కూడా అదే తరగతికి వచ్చి పక్క బెంచీలో కూర్చున్నాడు. లేపి చదవమంటే గొంతు పట్టుకుపోయేదట, తమ్ముడు తల దించుకునేవాడట. "అప్పుడు నన్నెవరైనా పక్కన కూర్చోబెట్టుకుని మెల్లిగా చెప్పుంటే బాగుండేదక్కా" అని ఒకసారి అంది. ఎవరూ చెప్పలేదు కనకే ఈ ఉద్యోగం వెతుక్కుని మరీ వచ్చింది. ఇదేమో ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించాలంటే ఎంతమంది పిల్లలు తమ తరగతి స్థాయికి వచ్చారో లెక్క చూపించాలి. పై ఆఫీసువాళ్ళకి ఆ లెక్క ఒక్కటే కావాలి. ఆ లెక్క తేలే రోజు దగ్గరపడితే ఈవిడకి అన్నం సహించేది కాదు.

ఇక కార్డుల సంగతి చెప్పాలి. ఈ పథకం మొదలైనప్పుడు పై ఆఫీసు పన్నెండు కార్డులు పంపింది. పైన బొమ్మ, కింద నాలుగైదు వాక్యాలు. అవి పరీక్ష కార్డులు. బీరువాలో దాచి, మూడు నెలలకోసారి తీసి, ఒక్కొక్క పిల్లనీ చదివించి మార్కులు వెయ్యాలి. రోజూ నేర్పడానికి వేరే పుస్తకాలు పంపుతామన్నారు. ఆ పుస్తకాలు ఆరేళ్ళుగా వస్తూనే ఉన్నాయి. నేనే తొమ్మిది ఉత్తరాలు రాశాను.

పుస్తకాలు లేకపోతే పిల్లలకి ఏం పెట్టి నేర్పాలి? అరగంట టీచరమ్మ బీరువా తెరిచి పరీక్ష కార్డులే బయటికి తీసింది. ఆవిడ పుల్ల పెట్టి చూపిస్తుంటే ఐదుగురూ గొంతు కలిపి చదివేవారు. రోజూ అవే పన్నెండు. పరీక్షలోనూ అవే పన్నెండు. ఇందులో మోసం ఉందని ఆవిడకి తోచలేదు, నాకూ తోచలేదు. పిల్లలు బాగా చదవాలని, మార్కులు తగ్గకూడదని, ఆ భయం కొద్దీ ఇంకా ఎక్కువసార్లు చదివించింది. అంతే.

ఆ పిల్లల్లో అందరికన్నా గట్టి గొంతు ఐదో తరగతి పిల్లది. మేం దాన్ని మైకు అనేవాళ్ళం. వచ్చినప్పుడు దానికి అక్షరాలు సగం కూడా రావు. ఏడాది తిరిగేసరికి కార్డు చేతికిస్తే ఎక్కడా ఆగకుండా చదివేది, నా గదిలోకి వినపడేది. వరసగా మూడు పరీక్షల్లో స్థాయి అందుకుంది. మూడుసార్లు అందుకుంటే ఆ పిల్ల దస్త్రం మూసేయాలి, ఆ చోటు ఇంకో పిల్లకి ఇవ్వాలి. మూసింది నేనే, చదవడం వచ్చిందని ఇంటికి కాగితం రాసిచ్చింది టీచరమ్మ. "చూశావా, నీ భయాలన్నీ ఉత్తివే" అని అరగంట టీచరమ్మ వీపు తట్టాను కూడా.

ఈ ఏడాది చివర్లో, ఒక సోమవారం, పై ఆఫీసు నుంచి కొత్త కార్డులు వచ్చాయి. మైకు, వాళ్ళ అమ్మ పని నుంచి వచ్చేదాకా, బడి విడిచాక కూడా మెట్ల కింద గదిలోనే తిరుగుతుండేది. టీచరమ్మ కట్ట విప్పుతుంటే పక్కనే నిలబడింది. "ఏదీ, కొత్తవి నువ్వే ముందు చదువు" అని టీచరమ్మ మురిపెంగా ఒకటి చేతికిచ్చింది.

బొమ్మలో గొడుగు పట్టుకుని బస్సు కోసం నిలబడిన అమ్మాయి. మైకు ఊపిరి పీల్చుకుని మొదలెట్టింది: "వాన వచ్చింది. అమ్మాయి గొడుగు విప్పింది. బస్సు ఇంకా రాలేదు."

పాత కార్డే కలిసిపోయిందేమో అనుకుని టీచరమ్మ కార్డు తీసుకుని చూసింది. బొమ్మ అదే, రంగు అదే. కింద మాత్రం "ఎండ మండిపోతోంది. అమ్మాయి గొడుగు నీడలో నిలబడింది. బస్సు ఆలస్యమైంది" అని ఉంది. పై ఆఫీసువాళ్ళు పాత బొమ్మలే ఉంచి రాతలు మార్చారు.

రెండో కార్డు ఇచ్చింది. మూడోది ఇచ్చింది. ఆ పిల్ల బొమ్మ చూడటం, పాత వాక్యాలు అప్పజెప్పడం. వేలు కూడా మాట మాట కిందా సరిగ్గా జరుగుతోంది, చదివేవాళ్ళ వేలు లాగే. ఏడాదిగా ఆ వేలు చూసే కదా మార్కులు వేసింది. నాలుగోది ఇవ్వకుండా టీచరమ్మ కట్ట మళ్ళీ కట్టేసింది.

పిల్లని పంపించి నా గదికి వచ్చింది. తలుపు మూసి, జరిగింది చెప్పి, "అక్కా, శుక్రవారం జాబితా పోతుంది కదూ" అంది.

పోతుంది. ఐదో తరగతి పూర్తిచేసినవాళ్ళ జాబితా పెద్ద బడికి పంపాలి. మైకు పేరు ఎదురుగా "తరగతి స్థాయిలో చదవగలదు" అని నేను టైపు చేసిపెట్టాను. పెద్ద బడిలో మెట్ల కింద గదుల్లాంటివి లేవు. అక్కడ ఒక్కో పాఠానికి ఒక్కో టీచరు, తరగతికి అరవైమంది. చదవలేని పిల్ల ఆ అరవైమందిలో పడితే మళ్ళీ ఎవరి కంటికీ కనపడదు. శుక్రవారం మధ్యాహ్నంలోగా దస్త్రం తిరిగి తెరిస్తే ఇంకో ఏడాది ఇక్కడే ఉంచి నేర్పొచ్చు. కానీ తెరిస్తే ఎందుకు తెరిచారని అడుగుతారు. మూడు పరీక్షలు ఎలా పెట్టారంటారు. ఇలాగే దస్త్రం మూసిన మిగతా పద్దెనిమిదిమందినీ తవ్వుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇక్కడ నా సంగతి దాచను. "నోరు మూసుకుని ఊరుకో" అన్నాను. "జాబితా పోనీ. సెలవుల్లో ఆ పిల్లని ఇంటికి పిలిపించుకుని నేర్పు. రెండు నెలలు గట్టిగా కూర్చోబెడితే ఎవరికీ తెలీకుండా గట్టెక్కుతుంది."

"ఎవరైనా కొత్త కార్డు ఇచ్చి చదవమంటే?"

"ఎవడికి అంత తీరిక?"

ఆవిడ తలూపింది. ఆ తల ఊపడంలో ఒప్పుకోలు లేదు, భయం ఒక్కటే ఉంది. మర్నాడు కొత్త కార్డులు బీరువాలో అట్టడుగున పెట్టి, పాతవే ముందుంచింది. బయట ఎవరి చెప్పుల చప్పుడైనా ఉలిక్కిపడి చూసేది. కొత్త సున్నం వేయించడానికి గోడలు కొలిచేవాడొస్తే, తనిఖీకి వచ్చాడనుకుని లేచి నిలబడి దణ్ణం పెట్టింది. ఇంకోరోజైతే నేను కడుపుబ్బ నవ్వేదాన్ని.

బుధవారం బడి విడిచాక, సెలవుల్లో పంపించమని అడగడానికి మైకు వాళ్ళింటికి వెళ్ళింది. ఆ తరవాత జరిగింది ఆవిడ నాకు చెప్పిన మాట.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు. మైకు అమ్మ బట్టలుతికే కంపెనీలో పనిచేస్తుంది, సబ్బునీళ్ళకి వేళ్ళు ముడతలు పడిపోయాయి. ఆవిడకి చదువు రాదు. టీచరమ్మని చూడగానే కుర్చీ మీద బట్టలన్నీ తీసి మంచం మీదికి విసిరి కూర్చోబెట్టింది.

"మీ రుణం ఎట్లా తీర్చుకోవాలి టీచరమ్మా! ఇదివరకు చీటీ పట్టుకుని కిందికి పోయి ఎవర్నో ఒకర్ని బతిమాలేదాన్ని. ఇప్పుడు ఇంట్లో కాగితాలన్నీ ఇదే చదివి చెప్తోంది. మా అత్తగారి మందులు కూడా దీని చేతిమీదే."

"మందులా?" అంది టీచరమ్మ.

"ఆ. ఆదివారం డాక్టరు గారు కొత్తవి రాసిచ్చారు. దుకాణం ఆయన కవరు మీద అంతా రాశాడు. ఏయ్, మీ టీచరుకి చదివి చూపించు."

మైకు కవరు తెచ్చింది. పిల్ల కవరు తెరిచి, తెల్ల మాత్రల అట్ట బయటికి తీసి చూసి, గట్టిగా చదివింది: "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిన్న తరవాత."

అమ్మ మొహం వెలిగిపోయింది. టీచరమ్మ చెయ్యి చాచి కవరు తీసుకుంది. దాని మీద నీలం సిరాతో ఉంది: పొద్దున సగం మాత్ర మాత్రమే. సాయంత్రం వద్దు.

పాత మాత్రలూ తెల్లవేనట. అట్టా అలాంటిదేనట. బలం మాత్రం కొత్తవాటిది ఎక్కువ.

"ముసలావిడ ఏరీ?" అని అడిగిందట.

"లోపల పడుకుంది. మూడు రోజులుగా ఒకటే కళ్ళు తిరుగుడు. నిన్న లేవబోయి గోడ పట్టుకుంది. వయసైపోయింది కదండీ."

తాళం వెనక్కొచ్చి మరీ లాగి చూసుకునే ఆ మనిషి, అప్పుడు ఎవర్నీ అడగలేదు. లోపలికి వెళ్ళి ముసలావిడ చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "మాత్రలు ఆపండి, ఒక్కటి కూడా వెయ్యొద్దు, ఆటో పిలవండి" అని అరిచింది. ఆ అరుపుకి కింద సైకిల్ కొట్టువాడు పైకి పరిగెత్తుకొచ్చాడు. ముసలావిడని వాడే భుజాల మీద మోసుకుని కిందికి దింపాడు. ఆస్పత్రిలో రక్తపోటు చూసిన డాక్టరు కనుబొమలు ముడిచి, సెలైను ఎక్కించమన్నాడు. రెండు గంటలు టీచరమ్మ బయట బల్ల మీద కూర్చుని, నర్సు ఎప్పుడు బయటికొచ్చినా లేచి నిలబడింది. అదే బల్ల ఆ చివర మైకు కూర్చుంది.

"ఇంకొక్క రోజు వేసుంటే చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు డాక్టరు చివరికి. "ఇప్పుడు ఫర్వాలేదు, రేపటికి లేచి కూర్చుంటుంది."

మైకు అమ్మ ఏడుస్తూ పిల్ల మీదికి చెయ్యెత్తింది. టీచరమ్మ మధ్యలోకి వచ్చింది. "దాన్ని కొట్టకండి. దానికి చదవడం రాదు. వచ్చని మీకు కాగితం ఇచ్చింది నేను." ఆ తల్లి ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, ఈవిడ కేసి చూసింది. ఆ చూపు ఎలా ఉందో నాకు చెప్పలేదు. అడగడానికి నాకూ నోరు రాలేదు, జన్మలో మొదటిసారి.

గురువారం పొద్దున్నే ఇద్దరూ హెడ్మాస్టరుగారి గది ముందు నిలబడి ఉన్నారు. టీచరమ్మ చేతిలో కొత్త కార్డుల కట్ట. పక్కన మైకు. నేను అడ్డం వెళ్ళి "పిచ్చిదానా, ఉద్యోగం పోతుంది" అని గుసగుసగా అన్నాను. "తెలుసక్కా. ఒక్కదాన్ని వెళ్ళలేను. నువ్వూ లోపలికి రా" అంది. దస్త్రం పట్టుకుని వెనకే వెళ్ళాను.

హెడ్మాస్టరుగారు చెడ్డవాడు కాదు. కానీ కాగితం మీద ఉన్నదాన్ని తుడిపెయ్యమంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. అంతా విని కళ్ళజోడు తీశారు.

"మూడుసార్లు స్థాయి అందుకున్న పిల్ల, ఇప్పుడు రాదంటారేంటి? ఇప్పుడే చూద్దాం." కట్టలోంచి ఒక కార్డు లాగి మైకు ముందు పెట్టారు. "చదువమ్మా."

బొమ్మ మీద మైకు చూపు పడింది. పెదవులు కదిలాయి. ఆ పాత వాక్యాలు నాలుక చివరన ఉన్నాయని మాకు తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల ఒకసారి టీచరమ్మని చూసింది. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది.

"రాదు సార్" అంది మైకు. బడి మొత్తానికి వినపడే గొంతు, పక్కన ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏంటి?"

"నాకు చదవడం రాదు సార్."

హెడ్మాస్టరుగారు టీచరమ్మ వైపు తిరిగారు. "మరి మీరు మార్కులెలా వేశారు?"

"పరీక్ష కార్డులతోనే పాఠం చెప్పానండి. అది కంఠతా పట్టింది. నేను కనిపెట్టలేకపోయాను. మిగతావాళ్ళని కూడా కొత్త కార్డులతో మళ్ళీ చూడాలండి, వాళ్ళలో ఎంతమందికి రాదో నాకు తెలీదు." ఒక్క గుక్కలో చెప్పేసి, బల్ల అంచు పట్టుకుంది.

"ఈ మాట రాసిచ్చాక నేను మిమ్మల్ని కాపాడలేను. తెలుసా?"

"తెలుసండి."

రాసిచ్చింది. అక్షరాలు గాలికి పడ్డట్టు అటూ ఇటూ వాలాయి, అయినా సంతకం పెట్టింది. నేను మైకు దస్త్రం తెరిచి, జాబితాలోంచి పేరు కొట్టేశాను. ఆ వారంలోనే పద్దెనిమిదిమందినీ మళ్ళీ చూశారు. ఆరుగురికి రాదని తేలింది. వాళ్ళ దస్త్రాలూ తెరిచాను. పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. పుస్తకాల కోసం నేను రాసిన తొమ్మిది ఉత్తరాల నకళ్ళూ జవాబుకి జతచేశాను, ఎవరూ చెయ్యమనలేదు. ఉద్యోగం ఏడాదికి కాకుండా ఆరునెలలకే పొడిగించారు, తరవాత చూస్తామన్నారు. ఆవిడ రోజూ పొద్దున్న నా బల్ల దగ్గరికొచ్చి "ఏమైనా వచ్చిందా అక్కా?" అని అడుగుతుంది. లేదంటే ఊపిరి పీల్చుకుని మెట్ల కిందికి పోతుంది.

ఆ గురువారం సంగతి మాత్రం ఇంకొకటుంది. హెడ్మాస్టరుగారి గదిలోంచి ముగ్గురం బయటికి వచ్చాం. వరండాలో టీచరమ్మ మైకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

"ఏడాదిగా నాకు ఒక్క మాట చెప్పలేదేంటమ్మా? రాదని చెప్తే నేను తిడతానా?"

"తిట్టరు టీచర్."

"మరి?"

పిల్ల తన చెప్పుల కేసి చూసుకుంది. "పరీక్ష రోజు నా భుజం మీద చెయ్యేస్తారు కదా. అది మంచులా ఉండేది. నేను ఎక్కడైనా ఆగితే ఇంకా గట్టిగా పట్టుకునేవారు. నేను గబగబా చెప్పేస్తే వదిలేసేవారు." ఆ తరవాత, తప్పు ఒప్పుకుంటున్నట్టు అంది: "మీకు భయం వెయ్యకూడదని అవన్నీ నోటికి నేర్చుకున్నాను టీచర్."